నీటిలో నిలిచే పాలీపైరోల్ నానో కణాలు: తూకం నుంచి నిల్వ దాకా

విద్యుత్తును పారనిచ్చే (వాహక) పాలిమర్ నానో కణాల గురించి పదే పదే వచ్చే ప్రశ్న ఒకటే: "పాలీపైరోల్ పొడి తయారైంది. నీళ్లలో వేసి సోనికేటర్ (శబ్ద తరంగాలతో కణాలను చెదరగొట్టే యంత్రం) పెడితే నల్లగా కలిసింది. గంట తిరిగేసరికి అంతా అడుక్కి దిగిపోయింది. ఇప్పుడేం చేయాలి?"

ఆ పొడితో చేయగలిగింది చాలా తక్కువ. కణం నీటిలో నిలుస్తుందా లేదా అన్నది అది పుట్టేటప్పుడే తేలిపోతుంది. పైరోల్ (గొలుసుగా కలిసి పాలీపైరోల్ అయ్యే ద్రవం) మొదటి చుక్క పడే ముందే స్టెబిలైజర్ (కణాలు ఒకదానికొకటి అతుక్కోకుండా చూసే పదార్థం) ఫ్లాస్కులో సిద్ధంగా ఉండాలి. పుట్టిన కణాన్ని చివరిదాకా ఆరనివ్వకూడదు. ఈ రెండూ తప్పితే మిగతా దశలన్నీ సరిగ్గా చేసినా ఫలితం ఉండదు.

ఇక్కడ చెప్పేది స్టెబిలైజర్‌గా పాలీవినైల్ ఆల్కహాల్ (ఇకపై పీవీఏ), ఆక్సీకరణిగా (ఎలక్ట్రాన్లను తీసుకునే పదార్థంగా) ఫెరిక్ క్లోరైడ్ వాడి నీటిలోనే చేసే పద్ధతి. సేంద్రియ ద్రావణి అక్కర్లేదు, సర్ఫక్టెంట్ (సబ్బులాంటి పదార్థం) అక్కర్లేదు. జాగ్రత్తగా చేస్తే 100 నానోమీటర్ల లోపు కణాలు వస్తాయి. ఫ్యూమ్ హుడ్, సెంట్రిఫ్యూజ్ ఉన్న ప్రయోగశాలలో చేయాల్సిన పని ఇది. ఇంట్లో చేసేది కాదు.

1. ముందు లెక్క

గొలుసులో చేరే ప్రతి పైరోల్ అణువు నుంచి రెండు ఎలక్ట్రాన్లు తీయాలి. ఆ తర్వాత గొలుసుకు వాహకత రావాలంటే, అంటే డోపింగ్ జరగాలంటే, సుమారు మూడు నాలుగు యూనిట్లకు ఒకటి చొప్పున మరో ఎలక్ట్రాన్ పోవాలి. ఫెరిక్ అయాన్ ఒక్కొక్కటి ఒక్క ఎలక్ట్రాన్నే తీసుకుంటుంది. అందుకే ఒక మోల్ పైరోల్‌కు 2.3 మోళ్ల ఫెరిక్ క్లోరైడ్ వాడతాం.

ఇంతకంటే తగ్గిస్తే కొంత పైరోల్ మిగిలిపోతుంది, దిగుబడి పడిపోతుంది. బాగా పెంచితే గొలుసు అతిగా ఆక్సీకరణ చెంది వాహకత పోతుంది. "ఎందుకైనా మంచిది" అని మూడింతలు వేసే అలవాటు చాలామందికి ఉంది. దాంతో లాభం లేదు, కడగాల్సిన ఇనుము మాత్రం పెరుగుతుంది.

100 మి.లీ. బ్యాచ్‌కు మోతాదులు:

- డీఅయొనైజ్డ్ నీళ్లు: 100 మి.లీ.
- పీవీఏ: 7.5 గ్రా.
- ఫెరిక్ క్లోరైడ్ హెక్సాహైడ్రేట్: 6.22 గ్రా. (23 మిల్లీమోళ్లు)
- పైరోల్: 0.69 మి.లీ. (0.67 గ్రా., 10 మిల్లీమోళ్లు)

మీ దగ్గర ఉన్నది నీరు లేని ఫెరిక్ క్లోరైడ్ అయితే 3.73 గ్రాములే తూచాలి. సీసా మీద లేబుల్ చూడకుండా 6.22 గ్రాములు వేసేయడం తరచుగా జరిగే పొరపాటు. అప్పుడు ఆక్సీకరణి నిష్పత్తి 2.3 నుంచి 3.8కి ఎగబాకుతుంది.

మొదటిసారి చేసేవారు అన్నిటినీ పదో వంతుకు తగ్గించి 10 మి.లీ.తో మొదలుపెట్టడం మంచిది. 0.75 గ్రా. పీవీఏ, 0.62 గ్రా. ఫెరిక్ క్లోరైడ్ హెక్సాహైడ్రేట్, 69 మైక్రోలీటర్ల పైరోల్ సరిపోతాయి. చెడిపోయినా నష్టం తక్కువ.

2. పీవీఏ ఎంపిక

సీసా మీద రెండు అంకెలు చూడాలి: అణుభారం, జలవిశ్లేషణ శాతం (గొలుసులోని ఎసిటేట్ గుంపుల్లో ఎన్ని హైడ్రాక్సిల్‌గా మారాయో). ఈ పనికి 87–89 శాతం జలవిశ్లేషణ జరిగిన రకం తేలిక. గొలుసులో మిగిలిన ఎసిటేట్ గుంపుల వల్ల తొందరగా కరుగుతుంది, కణం ఉపరితలాన్ని బాగా అంటిపెట్టుకుంటుంది. 98–99 శాతం రకం కరగాలంటే 90 డిగ్రీలు దాటించాలి, చల్లబెట్టి ఉంచితే నెమ్మదిగా జెల్ కడుతుంది.

అణుభారం 9,000 నుంచి 31,000 మధ్య ఉంటే చాలు. లక్ష దాటిన రకాలతో ద్రావణం తేనెలా చిక్కబడుతుంది. కణాలైతే వస్తాయి గానీ సెంట్రిఫ్యూజ్‌లో వాటిని విడదీయడానికి రోజులు పడుతుంది.

కణం సైజును మార్చాలంటే ముందు పీవీఏ గాఢతనే మార్చండి. గాఢత పెరిగేకొద్దీ కణం చిన్నదవుతుంది. కానీ పీవీఏ విద్యుత్తును పారనివ్వదు. కణం చుట్టూ అది ఎంత మందంగా ఉంటే ఆరిన పొరలో వాహకత అంత తగ్గుతుంది. మీకు కావలసింది సన్నటి, నిలకడగా ఉండే కణమా, మంచి వాహకత ఉన్న పొరా అన్నది ముందే తేల్చుకోండి. రెండూ గరిష్ఠంగా ఒకే బ్యాచ్‌లో దొరకవు.

3. బల్ల మీద ఏముండాలి

- 250 మి.లీ. గుండ్రటి అడుగు ఫ్లాస్కు (గాజు), వదులుగా పట్టే మూత
- టెఫ్లాన్ తొడుగున్న స్టిరర్ కడ్డీ, హాట్ ప్లేట్
- మంచు కలిపిన నీళ్ల తొట్టె, థర్మామీటర్
- గాజు సిరంజి, వీలైతే సిరంజి పంపు
- బేసిక్ అల్యూమినా, పాశ్చర్ పిపెట్, కొద్దిగా గ్లాస్ వుల్
- కనీసం 18,000 జీ (భూమ్యాకర్షణకు అన్ని రెట్ల బలం) ఇవ్వగల సెంట్రిఫ్యూజ్, దానికి తగిన ట్యూబులు
- డయాలిసిస్ మెంబ్రేన్ (చిన్న అణువులను మాత్రమే బయటికి వదిలే సంచి), 5 లీటర్ల బకెట్
- ప్రోబ్ సోనికేటర్, లేకపోతే బాత్ సోనికేటర్
- పీహెచ్ కాగితాలు, పొటాషియం థయోసయనేట్ ద్రావణం

ఫెరిక్ క్లోరైడ్ తగిలే చోట లోహం ఉండకూడదు. స్టీలు గరిటె, సిరంజి స్టీలు సూది ద్రావణంలో మునిగితే లోహం కరిగి అందులోకి దిగుతుంది. గరిటె ప్లాస్టిక్‌ది వాడండి.

భద్రత విషయంలో మూడు సంగతులు. పైరోల్ ఆవిరి విషపూరితం, పైగా అది సుమారు 39 డిగ్రీల దగ్గరే అంటుకోగల ద్రవం. ఫ్యూమ్ హుడ్ బయట సీసా మూత తీయకండి, దగ్గర్లో మంట ఉండకూడదు. ఫెరిక్ క్లోరైడ్ చర్మాన్ని, కళ్లను కాలుస్తుంది. నీరు లేని రకం నీటిలో పడగానే బాగా వేడెక్కుతుంది. నైట్రైల్ చేతి తొడుగులు, కళ్లజోడు, కోటు మొదటి నిమిషం నుంచే వేసుకోవాలి.

4. పైరోల్‌ను తేటపరచడం

తాజా పైరోల్ రంగు లేకుండా ఉంటుంది. గాలి, వెలుతురు తగిలేకొద్దీ పసుపు, ఆపై ముదురు గోధుమ రంగుకు మారుతుంది. ఆ రంగంటే పొట్టి గొలుసులు అప్పటికే పుట్టేశాయని అర్థం. అలాంటి పైరోల్ వాడితే కొన్ని కణాలు ముందుగా మొదలై లావెక్కుతాయి, కొన్ని ఆలస్యంగా పుట్టి చిన్నగా మిగులుతాయి. సైజుల్లో తేడా అక్కడే మొదలవుతుంది.

లేత పసుపు వరకు అల్యూమినా చాలు. పాశ్చర్ పిపెట్ అడుగున గ్లాస్ వుల్ కుక్కి, మూడు నాలుగు సెంటీమీటర్ల ఎత్తున బేసిక్ అల్యూమినా పోసి, రెండు మి.లీ. పైరోల్‌ను మెల్లగా దింపండి. గోధుమ పట్టీ పైనే ఆగిపోతుంది, కింద నీళ్లలాంటి చుక్కలు పడతాయి. మరీ ముదిరిపోతే స్వేదనం తప్పదు. పైరోల్ 130 డిగ్రీల దగ్గర మరుగుతుంది కాబట్టి పీడనం తగ్గించి చేయడం మంచిది.

శుద్ధి చేసిన పైరోల్‌ను అదే రోజు వాడండి. మిగిలితే నైట్రోజన్ నింపి, ముదురు రంగు సీసాలో, డీప్ ఫ్రీజర్‌లో పెట్టండి.

5. పీవీఏ ద్రావణం

ఇక్కడ తొందరపడితే తర్వాత దిద్దుకోవడానికి వీలుండదు.

5.1. ఫ్లాస్కులో 100 మి.లీ. చల్లటి నీళ్లు పోసి, సుడి కనిపించేంత వేగంగా తిప్పండి.

5.2. పీవీఏ పొడిని చిటికెడు చిటికెడుగా సుడి అంచున చల్లండి. ఐదు నిమిషాలు పట్టాలి. వేడి నీళ్లలో గానీ, ఒక్కసారిగా గానీ వేస్తే ఉండలు కడుతుంది. పైన జిగురు పొర ఏర్పడి లోపలి పొడికి నీరు అందదు. ఉప్మా రవ్వ ఉండ కట్టినట్టే.

5.3. పొడి అంతా తడిసి తెల్లటి గంజిలా అయ్యాక వేడి పెంచండి. 85–90 డిగ్రీల దగ్గర గంటసేపు ఉంచండి. మూత పెట్టకపోతే నీరు ఆవిరైపోయి గాఢత మారుతుంది.

5.4. ఫ్లాస్కును వెలుతురుకు ఎత్తి చూడండి. తేటగా, గాజులా ఉండాలి. జెల్లీ ముక్కలు తేలుతుంటే ఇంకో అరగంట వేడి చేయండి. అప్పటికీ పోకపోతే సన్నటి నైలాన్ గుడ్డలో వడకట్టండి.

5.5. గది ఉష్ణోగ్రతకు చల్లారనివ్వండి. వేడిగా ఉండగా ఫెరిక్ క్లోరైడ్ వేయకండి. వేడికి ఫెరిక్ అయాన్లు నీటితో చర్య జరిపి తుప్పు రంగు కణాలుగా విడిపోతాయి.

6. ఫెరిక్ క్లోరైడ్

తూచేటప్పుడు వేగంగా చేయండి. గాలిలోని తేమను పీల్చుకుని పళ్లెంలోనే కరిగిపోతుంది, తూకం మారిపోతుంది. సీసాలో ఇప్పటికే తడిసి ముద్దగా ఉంటే ఆ మోతాదును నమ్మకండి. కొత్త సీసా తెరవండి.

చల్లారిన పీవీఏ ద్రావణంలో కొద్దికొద్దిగా వేసి, గది ఉష్ణోగ్రత దగ్గర గంటసేపు తిప్పండి. ఈ గంటను మింగేయకండి. ఫెరిక్ అయాన్లు పీవీఏ గొలుసు మీది హైడ్రాక్సిల్ గుంపులను పట్టుకోవడానికి ఈ సమయం కావాలి. ఆ తర్వాత వచ్చే పైరోల్ ఆ గొలుసుల దగ్గరే, వాటి చుట్టలోనే పాలిమర్‌గా మారుతుంది. పుట్టే కణానికి పీవీఏ తొడుగు అక్కడికక్కడే దొరుకుతుంది.

తరువాత ఫ్లాస్కును మంచు తొట్టెలో దింపి, లోపలి ద్రావణం 5 డిగ్రీలకు వచ్చేదాకా ఆగండి. తొట్టె ఉష్ణోగ్రత కాదు, ఫ్లాస్కు లోపలిదే చూడాలి. చిక్కటి ద్రావణం చల్లబడడానికి అరగంట పట్టవచ్చు.

7. పైరోల్ చుక్కలు

మొదలుపెట్టే ముందు ఇవి చూసుకోండి:

- లోపల 5 డిగ్రీలు, ద్రావణం తేటగా, నారింజ రంగులో ఉంది
- కడ్డీ ఆగకుండా, మధ్యలో స్థిరంగా తిరుగుతోంది
- పైరోల్ రంగు లేకుండా ఉంది
- సిరంజి కొన ద్రావణానికి పైన ఉంది, మునగలేదు

0.69 మి.లీ. పైరోల్‌ను 10–15 నిమిషాల్లో చుక్కచుక్కగా వేయండి. మొదటి చుక్క పడిన చోట నారింజ ద్రావణంలో ముదురు ఆకుపచ్చ తీగలా ఒక చార సాగుతుంది. ఆ చార సుడిలో రెండు మూడు చుట్లు తిరిగి కలిసిపోవాలి. కలవకుండా అక్కడే నల్లటి మచ్చలా నిలిచిపోతే తిప్పడం చాలలేదని అర్థం. చుక్కలు ఆపి, వేగం పెంచి, మళ్లీ మొదలుపెట్టండి. కొన్ని నిమిషాల్లో ఫ్లాస్కు మొత్తం సిరాలా నల్లబడుతుంది.

చుక్కలు ఎందుకు? అంతా ఒక్కసారిగా పోస్తే ఒకే చోట పైరోల్ పోగవుతుంది, అక్కడ పీవీఏ అందేలోపే కణాలు ఒకదానికొకటి అతుక్కుంటాయి. ఒకసారి అతుక్కున్న జంటను ఏ సోనికేటరూ పూర్తిగా విడదీయలేదు.

చుక్కలు అయిపోయాక 5 డిగ్రీల దగ్గరే నాలుగు గంటలు తిప్పుతూ ఉంచండి. మంచు కరిగితే కొత్తది వేస్తుండాలి. రాత్రంతా గది ఉష్ణోగ్రతలో వదిలేయడం మంచిది కాదు. చర్య చివర్లో హైడ్రోక్లోరిక్ ఆమ్లం, ఫెరస్ క్లోరైడ్ పుష్కలంగా ఉంటాయి, మిగిలిన ఆక్సీకరణి గొలుసును తింటూనే ఉంటుంది.

నాలుగో గంట తర్వాత ఒక చిన్న పరీక్ష చేయండి. ఒక చుక్కను పది మి.లీ. నీళ్లలో కలిపి, అందులోంచి ఒక చుక్కను వడపోత కాగితం మీద వేయండి. మంచి బ్యాచ్ అయితే బూడిద రంగు మచ్చ నడిమి నుంచి అంచు దాకా ఒకే తీరుగా పాకుతుంది. మధ్యలో నల్లటి బొట్టు ఆగిపోయి, చుట్టూ తేట నీరు మాత్రమే పాకితే కణాలు గుంపుకట్టాయి. ఆ బ్యాచ్‌ను కడగడానికి రెండు రోజులు ధారపోసే ముందే ఈ సంగతి తెలుస్తుంది.

8. కడగడం: అసలు శ్రమ ఇక్కడే

ఇప్పుడు ఫ్లాస్కులో ఉన్నది ముక్కాలు గ్రాము పాలీపైరోల్, ఏడు గ్రాములకు పైగా పీవీఏ, 23 మిల్లీమోళ్ల ఇనుము, లీటరుకు 0.2 మోళ్లకు తగ్గని ఆమ్లం. తయారీ బాగా కుదిరినా బ్యాచ్ పాడయ్యేది ఎక్కువగా ఈ దశలోనే.

8.1. ముందు గడ్డలు తీసేయండి. బ్యాచ్‌కు నాలుగింతల వేడి నీళ్లు (60 డిగ్రీలు) కలిపి, 1,800 జీ దగ్గర పది నిమిషాలు తిప్పండి. అడుగున దిగే మడ్డి మైక్రాన్ సైజు ముక్కలు, దాన్ని పారేయండి. పైన తేరిన నల్లటి ద్రవమే మీకు కావలసింది. చాలామంది ఇక్కడ తారుమారు చేసి మడ్డిని దాచుకుంటారు.

8.2. ఆ నల్లటి ద్రవాన్ని 18,000–19,000 జీ దగ్గర గంట నుంచి గంటన్నర తిప్పండి. 10 సెం.మీ. వ్యాసార్థమున్న రోటర్‌లో నిమిషానికి 13,000 చుట్లంటే సుమారు 18,900 జీ. ప్రయోగ పుస్తకంలో ఎప్పుడూ జీ రాసుకోండి. చుట్ల సంఖ్య ఒక్కటే రాస్తే ఇంకో యంత్రంలో అది పనికిరాదు.

నీళ్లు ఎందుకు అంత కలపాలో లెక్క చూడండి. 50 నానోమీటర్ల కణం మామూలు నీటిలో ఈ వేగానికి మూడు సెంటీమీటర్లు దిగడానికి సుమారు 50 నిమిషాలు పడుతుంది. నీటికంటే పది రెట్లు చిక్కటి పీవీఏ ద్రావణంలో అదే దూరానికి ఎనిమిది గంటలు. కణం సైజు సగానికి తగ్గితే సమయం నాలుగింతలు. "సెంట్రిఫ్యూజ్ చేసినా ఏమీ దిగడం లేదు" అన్న ఫిర్యాదుకు చాలాసార్లు ఇదే కారణం. అది బ్యాచ్ లోపం కాదు, పలచన చాలకపోవడం.

8.3. పైతేటను తీసేసి, మడ్డి మీద వెంటనే వేడి నీళ్లు పోయండి. మడ్డి ఆరకూడదు. ట్యూబును బోర్లించి కాగితం మీద ఆరబెట్టే అలవాటు ఇక్కడ పనికిరాదు. కొద్దిగా నీళ్లతో గట్టిగా తిప్పి, ఐదు నిమిషాలు బాత్ సోనికేటర్‌లో ఉంచి, మళ్లీ పూర్తిగా నీళ్లు నింపండి. ఇలా మూడుసార్లు చేయండి.

మూడుకు మించి చేయాలనిపించినా ఆగండి. అతిగా కడిగితే కణాన్ని వదులుగా అంటుకున్న పీవీఏ కూడా పోతుంది, నాలుగైదు కడుగుళ్ల తర్వాత కణాలు విడిపోవడం మానేస్తాయి.

8.4. మిగిలిన ఇనుమును డయాలిసిస్‌తో తీయండి. 12–14 కిలోడాల్టన్ల (అణుభారం సుమారు 12,000–14,000 లోపు అణువులనే వదిలే) మెంబ్రేన్ వాడండి. సంచిలో మూడో వంతు ఖాళీ వదలండి, లోపలికి నీరు చేరి ఉబ్బుతుంది. మెంబ్రేన్ తట్టుకునే పీహెచ్ హద్దును తయారీదారు సూచనల్లో చూసుకోండి.

మొదటి రెండు మార్పులకు మామూలు నీళ్లు వాడకండి. 5 లీటర్ల నీటికి 4.2 మి.లీ. గాఢ హైడ్రోక్లోరిక్ ఆమ్లం కలిపితే సుమారు 10 మిల్లీమోలార్ ఆమ్లం వస్తుంది, అది వాడండి. నేరుగా తటస్థ నీటిలో పెడితే సంచిలో పీహెచ్ పెరిగి, మిగిలిన ఇనుము హైడ్రాక్సైడ్‌గా మారి కణాల మీదే పేరుకుంటుంది. అలా పేరుకున్న తుప్పు ఎంత కడిగినా వదలదు.

తర్వాత మామూలు డీఅయొనైజ్డ్ నీళ్లతో, రోజుకు మూడుసార్లు మారుస్తూ, రెండు మూడు రోజులు.

8.5. ఎప్పుడు ఆపాలి? బయటి నీళ్లు ఒక మి.లీ. తీసుకుని, ఒక చుక్క సజల హైడ్రోక్లోరిక్ ఆమ్లం, ఒక చుక్క బాగా పలచని హైడ్రోజన్ పెరాక్సైడ్, ఒక చుక్క థయోసయనేట్ వేయండి. ఎర్రబడితే ఇనుము ఇంకా ఉంది. పెరాక్సైడ్ మరవకండి. మిగిలిన ఇనుములో ఎక్కువ భాగం ఫెరస్ రూపంలో ఉంటుంది, దానికి థయోసయనేట్ ఎర్ర రంగు ఇవ్వదు. పెరాక్సైడ్ లేకుండా చేసిన పరీక్షలో రంగు రాలేదని సంబరపడితే మోసపోతారు.

విడిగా ఉన్న పీవీఏను పూర్తిగా తీయాలంటే 12–14 కిలోడాల్టన్ల సంచి చాలదు. దాని రంధ్రాల గుండా పొడవాటి పీవీఏ గొలుసు వెళ్లలేదు. అందుకు సెంట్రిఫ్యూజ్ కడుగుళ్లు గానీ, 300 కిలోడాల్టన్ల మెంబ్రేన్ గానీ కావాలి.

9. చివరి చెదరగొట్టడం

కణాలను 20 మి.లీ. నీటిలో తీసుకుని, పాత్రను మంచులో పెట్టి, ప్రోబ్ సోనికేటర్‌ను 30–40 శాతం శక్తి దగ్గర, రెండు సెకన్లు నడిపి రెండు సెకన్లు ఆపుతూ, నడిచిన సమయం మొత్తం మూడు నిమిషాలు వచ్చేలా చేయండి. ఎక్కువసేపు నడిపితే పీవీఏ గొలుసులు తెగుతాయి, వేడెక్కి కణాలు మళ్లీ కలుస్తాయి, ప్రోబ్ కొన నుంచి టైటానియం పొడి రాలుతుంది. చివర్లో 1,800 జీ దగ్గర ఐదు నిమిషాలు తిప్పితే ఆ పొడి దిగిపోతుంది.

గాఢత తెలుసుకోవడానికి తూచిన మూడు గాజు సీసాల్లో ఒక్కో మి.లీ. పోసి, బరువు మారనంత వరకు 105 డిగ్రీల దగ్గర ఆరబెట్టి మళ్లీ తూచండి. వచ్చిన అంకెలో పీవీఏ కూడా కలిసే ఉంటుంది. దాన్ని మొత్తం పాలీపైరోల్‌గా రాసుకోకండి.

10. పరీక్షలు, వాటిని ఎలా చదవాలి

సైజు (డీఎల్ఎస్, అంటే కణాలు చెదరగొట్టే లేజర్ కాంతిని బట్టి సైజు కొలిచే పద్ధతి): పాలీపైరోల్ కాంతిని విపరీతంగా పీల్చుకుంటుంది, ఎర్ర లేజర్‌ను కూడా. నల్లగా కనిపించే నమూనా పెడితే యంత్రం ఇచ్చే అంకెకు విలువ లేదు. లేత బూడిద రంగు వచ్చేదాకా, మి.లీ.కు 0.01 మిల్లీగ్రాము దగ్గరికి పలచన చేయండి. రెండు వేర్వేరు పలచనల్లో ఒకే సైజు వస్తేనే నమ్మండి. పాలీడిస్పర్సిటీ సూచిక (సైజుల్లో తేడా ఎంతో చెప్పే అంకె) 0.2 లోపు ఉంటే బ్యాచ్ బాగున్నట్టు. ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో కనిపించే సైజు దీనికంటే చిన్నగా ఉంటుంది, నీటిలో ఉబ్బిన పీవీఏ తొడుగు అక్కడ ఎండిపోతుంది కాబట్టి.

జీటా పొటెన్షియల్ (కణం ఉపరితల ఆవేశాన్ని సూచించే కొలత): సున్నాకు దగ్గరగా వచ్చిందని కంగారు పడకండి. ఈ కణాలను నిలబెట్టేది విద్యుదావేశం కాదు, పీవీఏ గొలుసుల అడ్డు. ముప్పై మిల్లీవోల్టులు దాటితేనే కణాలు నిలుస్తాయన్న నియమం ఇక్కడ వర్తించదు.

వర్ణపటం: 450–470 నానోమీటర్ల దగ్గర ఒక గూని, 800 దాటాక సమీప పరారుణం వైపు వెడల్పాటి శోషణ కనిపించాలి. ఆ పరారుణ భాగం పడిపోతే గొలుసు అతిగా ఆక్సీకరణ చెందింది, లేదా క్షారం తగిలి డోపింగ్ పోయింది.

వాహకత: గాజు పలక మీద పోసి, 60 డిగ్రీల దగ్గర ఆరబెట్టి, నాలుగు సూదుల పద్ధతిలో కొలవండి. పొర పలచగా, సూదుల ఎడంతో పోలిస్తే చాలా వెడల్పుగా ఉంటే, పొర నిరోధం = 4.532 × వోల్టేజి ÷ కరెంటు. పొర నిరోధం లక్ష ఓమ్‌లు, మందం ఒక మైక్రాన్ అయితే వాహకత సెంటీమీటరుకు 0.1 సీమెన్. కొలత రాలేదంటే పాలిమర్ చెడిందనే కాదు. ముందు విడి పీవీఏ ఎంత మిగిలిందో చూడండి.

11. ఏం తప్పింది, ఎలా దిద్దాలి

*చుక్కలు పడగానే ఫ్లాస్కు గోడల మీద నల్లటి పొర.* పీవీఏ చాలలేదు, లేదా కరగలేదు. ఆ బ్యాచ్ వదిలేసి ద్రావణం మళ్లీ చేయండి.

*గంట గడిచినా ఆకుపచ్చగానే ఉంది, నల్లబడలేదు.* ఫెరిక్ క్లోరైడ్ తడిసి మోతాదు తగ్గింది, లేదా పైరోల్ చుక్కలు గోడకు అంటుకుని లోపలికి చేరలేదు. గోడను రెండు మి.లీ. చల్లటి నీళ్లతో కడిగి, ఇంకో గంట చూడండి.

*కడిగాక ద్రవంలో గోధుమ ఛాయ.* ఇనుము హైడ్రాక్సైడ్. ఇంకా కొద్దిగానే ఉంటే 10 మిల్లీమోలార్ హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో రాత్రంతా డయాలిసిస్ చేస్తే కొంత కరుగుతుంది.

*బఫర్‌లో కలపగానే జెల్ కట్టింది.* బోరేట్ బఫర్ వాడి ఉంటారు. బోరేట్ పీవీఏ గొలుసులను ఒకదానితో ఒకటి ముడేస్తుంది. సోడియం సల్ఫేట్ ఎక్కువగా ఉన్న ద్రావణాలు కూడా పీవీఏను విడగొడతాయి. రెండింటికీ దూరంగా ఉండండి.

*ఆరిన పొడి కలవడం లేదు.* మొదట్లో చెప్పిందే. పొడి రూపంలోనే కావాలంటే కడగడం తగ్గించి, కొంత పీవీఏ మిగిలి ఉండగానే ఫ్రీజ్ డ్రై చేయండి. అప్పుడు కూడా పూర్తిగా తిరిగి కలుస్తుందన్న హామీ లేదు. ద్రవంగా దాచుకోవడమే మేలు.

12. పాలీఅనిలీన్ కావాలంటే

పాలీఅనిలీన్ మరో వాహక పాలిమర్. సూత్రం అదే, వరుస మారుతుంది. 100 మి.లీ. బ్యాచ్‌కు 2.59 గ్రా. అనిలీన్ హైడ్రోక్లోరైడ్‌ను 2 గ్రా. పాలీవినైల్ పైరోలిడోన్‌తో (సుమారు 3,60,000 అణుభారం) కలిపి 50 మి.లీ. నీటిలో కరిగించండి. 5.71 గ్రా. అమ్మోనియం పర్‌సల్ఫేట్‌ను మరో 50 మి.లీ. నీటిలో కరిగించండి. ఇక్కడ ఆక్సీకరణి (పర్‌సల్ఫేట్) ఆఖరున, ఒక్కసారిగా పడుతుంది. మొదట కొద్దిసేపు ఏమీ జరగనట్టు ఉండి, నీలం మెరిసి, ముదురు ఆకుపచ్చకు మారుతుంది. కణాలు పాలీపైరోల్ కంటే పెద్దవి, వందల నానోమీటర్లలో ఉంటాయి.

డయాలిసిస్‌ను 0.2 మోలార్ హైడ్రోక్లోరిక్ ఆమ్లంలోనే చేయాలి. పీహెచ్ 4 దాటితే ఆకుపచ్చ నీలంగా మారి వాహకత పడిపోతుంది. అనిలీన్ లవణం చర్మం గుండా ఒంట్లోకి చేరే విషం, చేతి తొడుగులు తరచూ మార్చండి.

13. నిల్వ, వ్యర్థాలు

డిస్పర్షన్‌ను (కణాలు చెదిరి ఉన్న ద్రవాన్ని) గాజు సీసాలో, 4 డిగ్రీల దగ్గర, వెలుతురు తగలకుండా ఉంచండి. గడ్డకట్టనివ్వకండి, మంచు స్ఫటికాలు కణాలను ఒక మూలకు తోసి అతికించేస్తాయి. విద్యుత్ పనికైతే పీహెచ్‌ను 3 దగ్గర ఉంచితే డోపింగ్ నిలుస్తుంది, బూజు కూడా తేలిగ్గా పట్టదు. వారాల తర్వాత అడుగున పలచటి మడ్డి కనిపిస్తే సీసాను మెల్లగా తిప్పి చూడండి. పొగలా లేచి కలిసిపోతే ఫర్వాలేదు. పొలుసుల్లా లేస్తే ఆ సీసా అయిపోయినట్టే.

కడిగిన మొదటి నీళ్లలో ఆమ్లం, ఇనుము ఉంటాయి. సింకులో పోయకుండా ఒక పెద్ద పాత్రలో పోగుచేసి, సోడియం బైకార్బొనేట్‌ను కొద్దికొద్దిగా వేసి తటస్థం చేయండి. నురగ బాగా పొంగుతుంది, పాత్ర సగానికి మించి నిండకూడదు. దిగిన తుప్పు రంగు మడ్డిని ప్రయోగశాల వ్యర్థాల డబ్బాలో వేయండి.

గాజుకు పట్టిన నల్ల మరకలు సబ్బుకు పోవు. ముందు నీళ్లతో బాగా కడిగి, పీహెచ్ కాగితం తటస్థమని చూపించాకే పలచని బ్లీచింగ్ ద్రావణంలో, ఫ్యూమ్ హుడ్‌లో రాత్రంతా నానబెట్టండి. ఆమ్లం ఏ మాత్రం మిగిలినా బ్లీచింగ్‌తో కలిసి క్లోరిన్ వాయువు వస్తుంది. స్టిరర్ కడ్డీ మీద నలుపు పూర్తిగా పోకపోతే దాన్ని ఈ పనికే విడిగా పెట్టుకోండి. ఇంకో ప్రయోగంలో వాడితే ఆ నల్లటి పొర మీదే కొత్త పాలిమర్ పెరగడం మొదలవుతుంది.